ఆస్ట్రేలియాలో కిట్ కారు: రిజిస్ట్రేషన్, యాజమాన్యం

ఛాసిస్, ఫైబర్‌గ్లాస్ బాడీ ఒక చోట కొని, ఇంజనూ గేర్‌బాక్సూ ఏ పాత కారులోంచో తీసి, ఇంటి షెడ్డులో బిగించుకున్న కారును కిట్ కారు అంటారు. ఆస్ట్రేలియా రవాణా శాఖల కాగితాల్లో ఇలాంటి బండి పేరు ‘ఇండివిడ్యువల్లీ కన్‌స్ట్రక్టెడ్ వెహికల్’. కట్టేవాళ్లు మాత్రం ఐసీవీ అనే అంటారు. కిట్టు కొని బిగించినా, కిట్టు జోలికి పోకుండా ఇనుప గొట్టాలు కోసి వెల్డింగ్‌తో మొదలుపెట్టినా సర్కారు దృష్టిలో పెద్ద తేడా లేదు.

అలా కట్టిన కారును ఆస్ట్రేలియాలో చట్టబద్ధంగా రోడ్డెక్కించవచ్చు. మన దగ్గర సంగతి వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కొత్త మోడల్ ఏదైనా రోడ్డు మీదికి రావాలంటే కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 126వ నియమం కింద పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ దాని నమూనాను పరీక్షించి ఒప్పుకోవాలి. ఆ ఖర్చును కంపెనీలు తట్టుకుంటాయి గానీ, సరదాకు ఒక్క కారు కట్టుకునే మనిషి వల్ల కాదు. ఆ ఒక్క మనిషి కోసం ఆస్ట్రేలియా వేరే దారి తెరిచింది. బండి బాగోగుల పూచీని ఒక ఇంజనీరు సంతకం మీద పెట్టింది. కిట్ కారు రిజిస్ట్రేషన్ వ్యవహారమంతా ఆ సంతకం చుట్టూనే తిరుగుతుంది.

కేంద్రం పరిధి, రాష్ట్రాల పరిధి

ఆస్ట్రేలియాలో వాహన రిజిస్ట్రేషన్ మొదటినుంచీ రాష్ట్రాల పని. న్యూ సౌత్ వేల్స్‌లో మోటారు ట్రాఫిక్ చట్టం, విక్టోరియాలో మోటారు కారు చట్టం రెండూ 1909 నాటివి. ఇవాళ ఆరు రాష్ట్రాలు, రెండు ప్రాంతాలు కలిసి ఎనిమిది రిజిస్ట్రీలున్నాయి. కేంద్రం చేతిలో ఉన్నది బండి మొదటిసారి మార్కెట్లోకి రావడం. 1989 మోటారు వాహన ప్రమాణాల చట్టం దాన్ని పాలించింది. దాని స్థానంలో వచ్చిన 2018 రోడ్డు వాహన ప్రమాణాల చట్టం 2021 జులై 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకుముందు ప్రతి కొత్త కారుకూ ఒక కంప్లయన్స్ ప్లేటు బిగించేవారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆమోదిత వాహనాల రిజిస్టరు ఉంది. ఆ రిజిస్టరుకెక్కిన బండిని ఏ రాష్ట్రమైనా మారుమాట లేకుండా నమోదు చేసుకుంటుంది.

ఆస్ట్రేలియన్ డిజైన్ రూల్స్ అనే సాంకేతిక నియమాలు రెండు పక్షాలకూ ఆధారం. వీటిని అందరూ ఏడీఆర్‌లు అంటారు. రాష్ట్రాల చట్టాల ద్వారా 1969 జనవరి 1 నుంచి అమలుకావడం మొదలై, 1988 నాటి మూడో కూర్పుతో కేంద్ర చట్టం నీడలోకి వచ్చాయి. సీటు బెల్టుకు ఏడీఆర్ 4, ఆ బెల్టును బిగించే చోటుకు ఏడీఆర్ 5, స్టీరింగ్ కాలమ్‌కు ఏడీఆర్ 10, అద్దాలకు ఏడీఆర్ 8, ఇలా ఒక్కో భాగానికి ఒక్కో అంకె. షెడ్డులో కారు కట్టేవాళ్లు ఈ అంకెలను చిన్నప్పటి ఎక్కాల్లా గడగడా అప్పజెబుతారు.

కంపెనీ కారు బిగించి అమ్మితే అది సరఫరా కిందికి వస్తుంది, కేంద్రం అనుమతి కావాలి. సొంతానికి కట్టుకునేవాడు ఎవరికీ అమ్మడం లేదు కనుక వ్యవహారం నేరుగా రాష్ట్రానికి పోతుంది. అందుకే కిట్లు అమ్మే వ్యాపారులు ‘మేము విడిభాగాలే అమ్ముతున్నాం, కారు కాదు’ అనే గీత దాటకుండా జాగ్రత్తపడతారు. కొనేవాడి తరఫున మరో గ్యారేజీ కారంతా బిగించి తాళాలు చేతికిస్తే, అది ఐసీవీయా, దొంగచాటు తయారీయా అన్న ప్రశ్న వస్తుంది. ఆ జవాబు కొన్నవాడి రిజిస్ట్రేషన్‌నే తేలుస్తుంది.

ఎనిమిది రిజిస్ట్రీలు ఎనిమిది రకాలుగా పోకుండా ఉండటానికి ఒక ఉమ్మడి పుస్తకం ఉంది. దాని పేరు వెహికల్ స్టాండర్డ్స్ బులెటిన్ 14, పొట్టిగా వీఎస్‌బీ 14. తేలిక వాహనాలను కొత్తగా కట్టడానికీ, ఉన్నవాటిని మార్చడానికీ ఇది జాతీయ ఆచరణ నియమావళి. 2006లో వచ్చింది. ఇంజనుకు ఎల్ఏ, బ్రేకులకు ఎల్‌జీ, బాడీ ఛాసిస్‌లకు ఎల్‌హెచ్, టైర్లు సస్పెన్షన్‌లకు ఎల్ఎస్, పరీక్షలకు ఎల్‌టీ అని విభాగాలున్నాయి. ఐసీవీల సంగతి ఎల్‌వో విభాగంలో ఉంటుంది. పుస్తకం ఒక్కటే అయినా చదివే తీరు రాష్ట్రానికొకటి.

పాత రోజులు

1960లలో మెల్‌బోర్న్ శివార్లలో బోల్‌వెల్ సోదరులు ఫైబర్‌గ్లాస్ బాడీలతో కార్ల కిట్లు అమ్మేవారు. వాళ్ల మార్క్ 7 అనే మోడల్ 1966 నుంచి దాదాపు 400 దాకా పోయింది. లోపల ఉండేది హోల్డెన్ కార్ల సామానే. అప్పట్లో రిజిస్ట్రేషన్ అంటే బ్రేకులూ లైట్లూ చూసి నంబరివ్వడమే. కిట్ల దశ దాటి అదే సంస్థ ఫోర్డ్ వీ8 ఇంజనుతో 1970లో నగారీ అనే కారు తెచ్చింది. అప్పటికే ఏడీఆర్‌లు ఏటికేడాది పెరుగుతున్నాయి. 1974లో నగారీ తయారీ ఆగిపోవడానికి ఆ నియమాల భారం ఒక ముఖ్య కారణం.

అదే 1974లో విక్టోరియాలో పర్విస్ యురేకా వచ్చింది. బ్రిటన్‌లోని నోవా అనే కారు నమూనాకు లైసెన్సు తీసుకుని చేసిన కిట్టు ఇది. తలుపులుండవు, పైకప్పు మొత్తం పైకి లేస్తుంది. అడుగున ఉండేది ఫోక్స్‌వాగన్ బీటిల్ ప్లాట్‌ఫాం. పాత బండి అడుగుభాగాన్ని అలాగే ఉంచి పైన బాడీ మారిస్తే పాత గుర్తింపు నిలబెట్టుకునే వీలుంటుంది, బండిని ‘మార్పు చేసిన వాహనం’గా చూస్తారు. సొంత ఛాసిస్ కట్టుకుంటే బండి పూర్తిగా కొత్తది, గుర్తింపూ కొత్తదే. ఏ దారిలో పోవాలన్నది ఇప్పటికీ కిట్ కారు కట్టేవాడు మొట్టమొదట తేల్చుకోవలసిన విషయం.

కిట్ కార్ల మోజు బ్రిటన్ నుంచే వచ్చింది. 1957లో లోటస్ కంపెనీ తెచ్చిన సెవెన్ అనే రెండు సీట్ల తేలిక కారును విడిభాగాలుగా కొంటే కొనుగోలు పన్ను పడేది కాదు. బిగించే విధానం రాసిన పుస్తకం ఇస్తే ఆ మినహాయింపు పోతుందని, కారును ఊడదీసే విధానం రాసిచ్చి వెనక నుంచి చదువుకోమన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సెవెన్ తరహా కార్లను ఆస్ట్రేలియాలో క్లబ్‌మ్యాన్ అంటారు. ఐసీవీల్లో ఇవీ, 1960ల ఏసీ కోబ్రాకు నకళ్లూ ఎక్కువగా కనిపిస్తాయి. క్లబ్‌మ్యాన్‌కు టయోటా 4ఏ-జీఈ ఇంజను ఇష్టం, కోబ్రాకు ఫోర్డ్ వీ8 ఆనవాయితీ. 2016లో ఫోర్డ్, 2017లో టయోటా, హోల్డెన్ ఆస్ట్రేలియాలో కార్ల తయారీ మానేశాయి. ఆ దేశంలోనే కట్టి, ఆ దేశంలోనే నంబరు తీసుకునే మామూలు కార్లంటే ఇప్పుడు ఈ షెడ్డు బండ్లే అనాలి కాబోలు.

ఇంజనీరు సంతకం

కొత్తగా దిగేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక్క చోటే. కారంతా కట్టేసి, రంగు వేసి, అప్పుడు ఇంజనీరు కోసం వెతుకుతారు. వెల్డింగులు అప్పటికే ఫైబర్‌గ్లాస్ కింద, కార్పెట్ కింద దాక్కుంటాయి. చూడని అతుకుకు పూచీపడే ఇంజనీరు దొరకడు, దొరికినా బాడీ విప్పమంటాడు. అందుకని ఇనుము కోయకముందే ఇంజనీరును పట్టుకోవాలన్నది అనుభవజ్ఞులు చెప్పే మొదటి మాట.

ఈ ఇంజనీరు సర్కారు ఉద్యోగి కాదు. రాష్ట్రం దగ్గర పేరు నమోదు చేసుకున్న ప్రైవేటు మెకానికల్ ఇంజనీరు. వృత్తిపరమైన బాధ్యతకు ఇన్సూరెన్సు కట్టుకుని, ఒక్కో సర్టిఫికెట్‌కూ పూచీ తనదేనని సంతకం పెడతాడు. బండి ఫలానా నియమాలకు సరిపోతుందని అతను రాసిస్తే రిజిస్ట్రీ సాధారణంగా ఒప్పుకుంటుంది. తర్వాత ఆడిట్‌లో తప్పు తేలితే మొదట అతన్నే నిలదీస్తుంది. మన దగ్గర బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిని ఒకసారి నడిపించి చూసి సంతకం పెట్టడానికీ దీనికీ పోలిక లేదు. ఆస్ట్రేలియాలో సంతకం పెట్టే మనిషి కారును ఎముకల దశ నుంచీ ఎరిగి ఉండాలి.

మొదటి భేటీలో డ్రాయింగులు చూస్తాడు. ఏ గొట్టం, ఎంత మందం, ఇంజను ఏ సంవత్సరానిది, దాత కారు (ఇంజను, గేర్‌బాక్సు ఇచ్చిన పాత కారు) ఏది అని అడుగుతాడు. బరువుకు మించిన ఇంజనైతే అక్కడే వద్దంటాడు. తర్వాత బాడీ వేయని ఛాసిస్‌ను చూస్తాడు. చక్రాలు తగిలించాక మళ్లీ వస్తాడు. చివర రోడ్డు మీద బ్రేకులు, ఒక్కసారిగా లేను మారినప్పటి నడక, సైలెన్సర్ శబ్దం చూస్తాడు. మధ్యలో ఫొటోలు, వెల్డింగ్ చేసిన మనిషి వివరాలు, సీటు బెల్టు బిగించిన చోటుకు లెక్కలు ఫైలులో చేరుతుంటాయి. ఫైలు బరువు చూస్తే కారు ఎంతవరకు వచ్చిందో చెప్పవచ్చు.

ఛాసిస్‌ను మెలిపెట్టే పరీక్ష

సొంత ఛాసిస్ అయితే తప్పనిసరిగా వచ్చే గండం బీమింగ్ అండ్ టార్షన్ టెస్ట్. బీమింగ్ అంటే ఛాసిస్ నడుమ బరువులు పెట్టి ఎంత వంగుతుందో చూడటం. బరువు తీసేశాక మళ్లీ మొదటి స్థితికి రావాలి, వంపు మిగలకూడదు. టార్షన్ అంటే మెలిపెట్టడం. వెనక సస్పెన్షన్ తగిలే చోట్లను కదలకుండా బిగిస్తారు. ముందు భాగానికి అడ్డంగా పొడుగాటి కడ్డీ కట్టి ఒక చివర బరువులు వేలాడదీస్తారు. ఛాసిస్ పొడవునా అక్కడక్కడ డయల్ గేజీలు పెట్టి మిల్లీమీటరులో వందో వంతు కదలికను కూడా రాసుకుంటారు.

నాలుగు సిలిండర్ల కారైతే ఒక డిగ్రీ మెలికకు కనీసం 4,000 న్యూటన్ మీటర్లు, ఆరు లేదా ఎనిమిది సిలిండర్లైతే 6,000 తట్టుకోవాలి. ఇది కంటికి కనబడేలా చెప్పాలంటే: మీటరు పొడవు కడ్డీ చివర 100 కిలోల బరువు వేస్తే పడే మెలిక దాదాపు 981 న్యూటన్ మీటర్లు. నాలుగు సిలిండర్ల కారు ఛాసిస్ అప్పుడు పావు డిగ్రీకి మించి తిరగకూడదు. మీటరుంపావు వెడల్పున్న ముందు భాగంలో అంటే ఒక పక్క దాదాపు 2.7 మిల్లీమీటర్లు పైకి, రెండో పక్క అంతే కిందికి. పెన్సిల్ మందం కూడా లేని ఈ కదలిక దగ్గర ఎన్నో క్లబ్‌మ్యాన్ ఛాసిస్‌లు తప్పాయి. బ్రిటన్‌లో మామూలుగా నడిచే నిచ్చెన తరహా పాత డిజైన్లను యథాతథంగా తెచ్చి ఆస్ట్రేలియాలో పాస్ చేయించలేరు. నడుమ ట్రాన్స్‌మిషన్ సొరంగానికి మూలగా గొట్టాలు వేసో, ఇంజను గదికి అడ్డంగా బలమైన బద్ద వేసో గట్టి చేసి మళ్లీ తెస్తారు. ఛాసిస్‌ను అలా నమ్మదగినట్టు కొలవడం వల్ల ఆస్ట్రేలియా కిట్ల తయారీదారులు తమ డిజైన్లనే మార్చుకున్నారు. నాకు తెలిసి ఈ మొత్తం తతంగంలో నిజంగా ప్రాణాలు కాపాడే ఘట్టం ఇదే, మిగిలినవాటిలో చాలా భాగం కాగితం.

ఏ నియమం వర్తిస్తుంది

చూడటానికి 1965 నాటి కోబ్రాలా ఉన్నా ఈ ఏడాది కట్టిన కారుకు 1965 నియమాలు సరిపోవు. బండి వయసు అది కట్టిన నాటి నుంచే మొదలవుతుంది. ఆర్సీ లాంటి కాగితంలోనూ ఆ సంవత్సరమే ఉంటుంది. రాజీ ఉన్నది వేరే చోట. కంపెనీలు కార్లను గోడకు గుద్ది చూసే పరీక్షలు, అంటే ఎదురుగా గుద్దే ఏడీఆర్ 69, ముందు భాగంలో ఒక పక్కనే గుద్దే ఏడీఆర్ 73, పక్క నుంచి గుద్దే ఏడీఆర్ 72, ఐసీవీని అడగరు. ఉన్న ఒక్క కారునూ గుద్దేస్తే ఇక నమోదు చేయడానికి ఏం మిగులుతుంది? వాటి బదులు సీటు బెల్టులు బిగించిన చోట్ల బలం, స్టీరింగ్ కాలమ్ కుదించుకుపోవడం, డాష్‌బోర్డులో మొనదేలిన అంచులు లేకపోవడం లాంటివి గట్టిగా చూస్తారు. అందుకే కాలమ్‌నూ, సీటు బెల్టులనూ, ఒక్కోసారి బ్రేకు సామాగ్రినీ తేదీ తెలిసిన కంపెనీ కారు నుంచి తీసుకోవడం మేలు. ఆ భాగాలు ఏడీఆర్‌కు సరిపోయాయని చెప్పడానికి అప్పుడు వేరే సాక్ష్యం వెతకక్కర్లేదు.

పొగ దగ్గర మాత్రం కరుకుతనం తగ్గదు. పాత కార్బ్యురేటర్ వీ8 శబ్దం ఎంత ముద్దొచ్చినా కొత్త ఐసీవీకి అది పనికిరాదు. కంప్యూటరూ, క్యాటలిటిక్ కన్వర్టరూ, ఇంధన ఆవిరిని పట్టుకునే డబ్బా సహా ఇటీవలి ఇంజను మొత్తం పెట్టుకోవాలి. అవసరమైతే రోలర్ల మీద 240 సెకన్ల పాటు నడిపి పొగ కొలిచే ఐఎం240 పరీక్ష చేయిస్తారు. శబ్దం విషయంలో 90 డెసిబెల్స్ అనే అంకె చాలా ఏళ్లుగా కార్లకు గీతగా నిలిచింది. సైలెన్సర్ పక్క నుంచి పోయే కోబ్రాలకు దీని దగ్గరే తలనొప్పి.

బయటి దేశం నుంచి కిట్టు తెప్పించుకునేవాళ్లు మరచిపోయేది ఆస్‌బెస్టాస్. 2003 చివర నుంచి ఆస్ట్రేలియాలో దాని దిగుమతిపై పూర్తి నిషేధం ఉంది. పాత డిజైన్ల బ్రేకు ప్యాడ్లలో, గ్యాస్కెట్లలో అది దొరికితే రేవులోనే పెట్టె ఆగిపోతుంది.

రాష్ట్రాల తీరు

న్యూ సౌత్ వేల్స్‌లో రిజిస్ట్రీ పేరు ఎన్నిసార్లో మారింది: ఆర్‌టీఏ, 2011 నుంచి ఆర్ఎంఎస్, ఇప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఫర్ ఎన్ఎస్‌డబ్ల్యూ. ఇంజనీర్ల వ్యవస్థకు వీఎస్‌సీసీఎస్ అని పేరు. లైసెన్సున్న సర్టిఫయరు ఇచ్చే కాగితం చేతికి వచ్చాక, నమోదు కాని బండ్లను చూసే కేంద్రంలో బ్లూ స్లిప్ తీసుకోవాలి. దానితో పాటు మూడో పక్షం గాయాల ఇన్సూరెన్సు అయిన గ్రీన్ స్లిప్ ముందే కొనుక్కుని సర్వీస్ ఎన్ఎస్‌డబ్ల్యూ కౌంటరుకు వెళ్లాలి. కారు విలువ మీద స్టాంపు డ్యూటీ కూడా పడుతుంది: 45,000 డాలర్ల వరకు నూటికి మూడు, ఆపైన ఉన్నదానికి అయిదు.

విక్టోరియాలో ఇంజనీరు వీఏఎస్ఎస్ సిగ్నటరీ. అతని సర్టిఫికెట్‌కు తోడు రోడ్‌వర్తీ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి. మెల్‌బోర్న్‌లో సెకండ్‌హ్యాండ్ కారు కొన్న తెలుగువాళ్లకు ఆర్‌డబ్ల్యూసీ, రెజో (రిజిస్ట్రేషన్) అన్న మాటలు కొట్టినపిండే. గాయాల ఇన్సూరెన్సు అక్కడ రెజో రుసుములోనే కలిసి ఉంటుంది. 2022 నుంచి విక్‌రోడ్స్ రిజిస్ట్రేషన్ విభాగాన్ని ప్రైవేటు పెట్టుబడిదారులతో కలిసిన సంయుక్త సంస్థ నడుపుతోంది. కౌంటరు మారినా ఐసీవీ ఫైలులో కాగితాలేమీ తగ్గలేదు. క్వీన్స్‌లాండ్‌లో అప్రూవ్డ్ పర్సన్ అనే నిపుణుడు బండికి ఒక చిన్న మాడిఫికేషన్ ప్లేటు బిగిస్తాడు. మెకానిక్‌ల నోట అది బ్లూ ప్లేట్.

సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియాల్లో మాత్రం పని మొదలెట్టకముందే సర్కారు దగ్గరికి వెళ్లాలి. కట్టబోయే కారు వివరాలు ఇస్తే, ఏయే నియమాలు తీర్చాలో సౌత్ ఆస్ట్రేలియా శాఖ రాతపూర్వకంగా ఇస్తుంది. కారయ్యాక ఇంజనీరు నివేదికతో పాటు అడిలైడ్‌లోని రీజెన్సీ పార్క్ తనిఖీ కేంద్రంలో చూపించాలి. ఆలస్యమవుతుందని కొందరు విసుక్కుంటారు గానీ, కారు కట్టాక కాదనిపించుకోవడం కన్నా ముందే కాదనిపించుకోవడం చవక.

నంబరు ఎక్కడి నుంచి వస్తుంది

కంపెనీ కారుకు 17 అక్షరాల వీఐఎన్ పుట్టుకతోనే ఉంటుంది. ఒకటీ సున్నాలతో కలగాపులగం కాకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. షెడ్డులో పుట్టిన కారుకు అది లేదు. దాత కారు నంబరును కోసి ఇక్కడ అతికించడం నేరం. దొంగ బండ్లకు నుజ్జయిన బండ్ల నంబర్లు తగిలించి అమ్మే ముఠాలు ఒకప్పుడు సిడ్నీ చుట్టుపక్కల జోరుగా పనిచేశాయి. ఆ వ్యాపారాన్ని ‘రీబర్తింగ్’ అంటారు. దానికి న్యూ సౌత్ వేల్స్ నేరాల చట్టంలో ప్రత్యేక సెక్షనే ఉంది. అందుకని రాష్ట్రమే కొత్త నంబరు కేటాయిస్తుంది. దాన్ని ఛాసిస్ మీద, విప్పడానికి వీలులేని గట్టి చోట చెక్కి చూపాలి. ఆ నంబరు ఆస్ట్‌రోడ్స్ నడిపే నెవ్‌డిస్ అనే జాతీయ వ్యవస్థలోకి చేరాక, ఏ రాష్ట్రం పోలీసు తట్టి చూసినా బండి కనబడుతుంది.

కాగితాల పని పూర్తికాక ముందు తనిఖీకి నడుపుకుంటూ వెళ్లాలంటే నమోదుకాని వాహన పర్మిట్ తీసుకుంటారు. అది ఫలానా రోజు, ఫలానా దారికే. లేదంటే ట్రైలరు మీద వేసుకుపోవాలి.

హక్కు పత్రం లేని దేశం

అమెరికాలో ప్రతి కారుకూ రాష్ట్రం ఇచ్చే టైటిల్ ఉంటుంది. కిట్ కారు కట్టినవాడు అక్కడ మొదట టైటిల్ కోసమే పోరాడతాడు. కాలిఫోర్నియాలోనైతే ప్రత్యేకంగా కట్టిన వాహనాలకు పొగ నియమాల్లో సడలింపు ఏడాదికి మొదటి 500 మందికే. ఆస్ట్రేలియాలో కారుకు అలాంటి టైటిల్ పత్రమే లేదు. భూమికి సర్కారే హామీపడే టైటిల్ ఇచ్చే టోరెన్స్ పద్ధతి 1858లో పుట్టింది సౌత్ ఆస్ట్రేలియాలో. ఆంధ్రప్రదేశ్‌లో భూ హక్కుల చట్టం మీద గొడవ రేగి 2024లో దాన్ని రద్దుచేసినప్పుడు ఆ పేరు మన పత్రికల్లోనూ నలిగింది. భూమికి అంత చేసిన దేశం కారుకు చేయలేదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ యాజమాన్యానికి రుజువు కాదని రాష్ట్రాలే చెబుతాయి. బండి ఎవరి పూచీ మీద రోడ్డు మీద ఉందో మాత్రమే అది చెబుతుంది. మన చట్టంలో ఓనరు అంటే ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్లే. ఫైనాన్సు కంపెనీ పేరు కూడా ఆర్సీలోనే ఎక్కుతుంది. అప్పు తీరాక ఎన్‌వోసీ తెచ్చి హెచ్‌పీ కొట్టేయించుకుంటాం.

ఆస్ట్రేలియాలో ఆ పని పీపీఎస్ఆర్ అనే జాతీయ రిజిస్టరు చేస్తుంది. 2009 నాటి చట్టం కింద అది 2012 జనవరి 30న మొదలైంది. వీఐఎన్ ఇచ్చి రెండు డాలర్లు కడితే, బండి మీద అప్పుందా, దొంగిలించినట్టు నమోదైందా, ప్రమాదంలో పాడై రైటాఫ్ అయిందా అన్నవి వస్తాయి. ఓనరెవరో మాత్రం రాదు.

కిట్ కారు కట్టేవాడికి ఇది రెండు వైపులా పదును. అతని కారుకు పాత వీఐఎన్ లేదు కాబట్టి వెతకడానికేమీ లేదు. కానీ దాత కారుకు ఉంది. అప్పు మిగిలిన కమోడోర్ కారు ఒకటి చవకగా కొని ఇంజను తీసి తన ఛాసిస్‌లో పెట్టుకున్నాడనుకోండి. ఆ అప్పిచ్చినవాడి హక్కు ఇంజనుతో పాటే కొత్త కారులోకి నడిచిరావచ్చు. ఒక వస్తువు మరో వస్తువులో కలిసినా హక్కు నిలిచే నిబంధనలు ఆ చట్టంలో ఉన్నాయి. అందుకే అనుభవమున్నవాళ్లు పాడైన కారును ఊడదీయకముందే దాని మీద పీపీఎస్ఆర్ చూసి, ఆ కాగితం తేదీతో సహా దాచుకుంటారు. తిరిగి నమోదు చేయకూడదని రైటాఫ్ ముద్ర పడ్డ బండి నుంచి సామాను తీసుకోవచ్చు, దాని గుర్తింపును మాత్రం తీసుకోకూడదు.

టైటిల్ లేని చోట టైటిల్ పని చేసేవి బిల్లులు. ఛాసిస్, బాడీ, ఇంజను, గేర్‌బాక్సు, అన్నిటికీ ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నదీ తెలిపే రసీదు రిజిస్ట్రీ అడుగుతుంది. ఇంజను నంబరు రసీదులో ఉంటే మంచిది. నగదిచ్చి ఎవరి షెడ్డులోంచో తెచ్చుకున్న గేర్‌బాక్సుకు రసీదు లేకపోతే స్టాట్యుటరీ డిక్లరేషన్ రాసి, జస్టిస్ ఆఫ్ ద పీస్ లాంటి సాక్షి ముందు సంతకం పెట్టాలి. దాన్ని అందరూ స్టాట్ డెక్ అంటారు. అందులో అబద్ధం నేరం. సగం కట్టిన కారును ఇంకొకరి దగ్గర కొన్నవాళ్ల కష్టాలు ఇక్కడే మొదలవుతాయి. మొదటివాడు రసీదులు పారేసి ఉంటాడు, ఛాసిస్‌ను చూసిన ఇంజనీరు ఆ వృత్తి మానేసి ఉంటాడు. అలాంటి ‘ప్రాజెక్టు’ చవకగా దొరికిందంటే ఆ ధర ఎందుకు తగ్గిందో అడగాలి. చాలాసార్లు అక్కడ అమ్ముతున్నది కారు కాదు, కాగితాల లోటు.

నంబరు వచ్చాక

1949కి ముందటి ఆకారం ఉన్న పాత ఫోర్డులూ షెవర్లేలూ, వాటి నకళ్లూ ఈ దారిలో రావు. వాటిని స్ట్రీట్ రాడ్లు అంటారు. వాటికి వేరే జాతీయ మార్గదర్శకాలున్నాయి, ఆస్ట్రేలియన్ స్ట్రీట్ రాడ్ ఫెడరేషన్ సాంకేతిక సంఘం తనిఖీ చేస్తుంది. రాజీలు ఎక్కువ, కానీ వాడకం మీద షరతులుంటాయి. విక్టోరియా క్లబ్ పర్మిట్ కింద ఏడాదికి 45 లేదా 90 రోజులే బండి తీయాలి, ప్రతి ప్రయాణమూ లాగ్‌బుక్‌లో రాయాలి. ఐసీవీకి అలాంటి కట్టడి లేదు. రెజో కట్టినంత కాలం దాంట్లోనే ఆఫీసుకు పోవచ్చు, కూరగాయలు తెచ్చుకోవచ్చు.

రాష్ట్రం మారితే మాత్రం కథ మళ్లీ తెరుచుకుంటుంది. కంపెనీ కారుకు కొత్త రాష్ట్రంలో ఒక్క తనిఖీ చాలు. ఐసీవీకి సిడ్నీ ఇంజనీరు సంతకం ఉన్నా పెర్త్‌లో తమవాళ్లతో మళ్లీ చూపించమనవచ్చు. ఇల్లు మారుతున్నవాళ్లు ఒరిజినల్ ఫైలు, టార్షన్ పరీక్ష రీడింగులు, ఛాసిస్ ఫొటోలు చేతిలో పెట్టుకుని వెళ్తే సగం పని తప్పుతుంది. ఇన్సూరెన్సు కంపెనీలు కూడా ఇదే ఫైలు అడుగుతాయి. మార్కెట్ ధర తేల్చే పట్టిక ఈ కార్లకు ఉండదు కాబట్టి, విలువ ముందే ఒప్పుకుని పాలసీలో రాసుకుంటారు.

ఒకసారి నంబరొచ్చిన కారులో ఇంజను మార్చినా, బ్రేకులు మార్చినా, టర్బో తగిలించినా పాత సర్టిఫికెట్ దానికి వర్తించదు. మళ్లీ ఇంజనీరు దగ్గరికే వెళ్లాలి, మళ్లీ కొత్త కాగితం తీసుకోవాలి.